ఆలస్యంగా పడే కుడి చెయ్యి

2018వ సంవత్సరం. గుడివాడలో నేను ఫిజియోథెరపీ క్లినిక్ తెరిచి అప్పటికి తొమ్మిదేళ్ళయింది. స్టేషన్ రోడ్డులో మందుల షాపు పైన రెండు గదులు. ఒక గదిలో రెండు మంచాలు. రెండో గదిలో బిగుసుకుపోయిన చేతులు ముంచడానికి కరిగించిన మైనం తొట్టి, గోడకి కట్టిన కప్పీలు, రకరకాల రబ్బరు బంతులు. ఎముక అతికించడం డాక్టరు గారి పని. అతికాక ఆ చెయ్యి మళ్ళీ అన్నం కలిపేలా, తాళం తిప్పేలా, జడ వేసేలా చెయ్యడం మా పని.

నేను కొలతల మనిషిని. కీలు ఎంత వంగుతోందో చూసే గోనియోమీటర్ అనే పరికరం ఒకటుంటుంది, రెండు స్కేళ్ళని ఒక చివర కలిపి బిగించినట్టు. అది నా హ్యాండ్‌బ్యాగులో లేని రోజు లేదు. పెళ్ళిచూపుల్లో తన మొహం కన్నా ముందు తన మోకాలు ఎంత వంగుతుందో చూశానని మా ఆయన ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. అందులో అబద్ధం కొంచెమే.

ఆ సెప్టెంబరులో వసుంధర గారు మా మెట్లెక్కి వచ్చారు. వయసు యాభై తొమ్మిది. బందరులో ఒక బాలికల స్కూల్లో ముప్పై ఏళ్ళ పైచిలుకు మ్యూజిక్ టీచరుగా చేసి రిటైరయ్యారు. జూలై వానల్లో గుడివాడ స్టేషన్లో రైలు మారుతూ తడి ప్లాట్‌ఫారం మీద కాలు జారి, పడకుండా ఆపుకోబోయి కుడి చెయ్యి ఆనించారు. మణికట్టు దగ్గర ఎముక విరిగింది. దీన్ని మేం కాలిస్ ఫ్రాక్చర్ అంటాం. చెయ్యి చాపి పడ్డవాళ్ళకి తరచుగా విరిగే చోటు అదే. ఇక్కడి ఎముకల డాక్టరు గారే పిండికట్టు వేసి, ఆరు వారాలకి విప్పి, నా దగ్గరికి పంపారు.

"ఈ చేత్తో ఏం పని చేస్తారండీ?" అని అడిగాను. ఎవరొచ్చినా ముందు అడిగేది అదే.

"పియానో వాయిస్తానమ్మా," అన్నారు.

వరి కోసే చేతులు, వల అల్లే చేతులు, రొయ్య వలిచే చేతులు ఎన్నో చూశాను. పియానో చెయ్యి చూడటం అదే మొదటిసారి. మణికట్టు సగమే వంగుతోంది. వేళ్ళు వాచి ఉన్నాయి. అన్నిటికన్నా మొండిది ఉంగరం వేలు. నా చేత్తో ఎత్తితే పూర్తిగా లేస్తుంది కానీ తనంతట తాను లేవమంటే పాతిక డిగ్రీలు కిందే ఆగిపోతుంది. ఎక్స్‌టెన్షన్ లాగ్ అని రాసుకున్నాను. అంటే వేలు లేవగలదు, లేపే బలం మాత్రం దానికి అందడం లేదు.

"డిసెంబర్లో మా స్కూలు పాత విద్యార్థినుల సమావేశం ఉందమ్మా. నన్ను వాయించమన్నారు. ఇంటి దగ్గర ఆరుగురు పిల్లలు నేర్చుకుంటున్నారు కూడా. చెయ్యి వస్తే వాయిస్తాను, వాళ్ళకి చెప్పుకుంటాను. రాకపోతే ఆ సమావేశంలోనే పియానో స్కూలుకి ఇచ్చేస్తున్నానని చెప్పేస్తాను. మూతేసిన పియానోని చూస్తూ ఇంట్లో తిరగడం నా వల్ల కాదు," అన్నారు. కూరల చీటీ చదివినంత మామూలుగా చెప్పారు. చెప్తున్నంతసేపూ ఎడమ చేత్తో ఆ ఉంగరం వేలిని నిమురుతూనే ఉన్నారు. నాకు ఆవిడ ఆ క్షణంలోనే నచ్చేశారు.

వారానికి మూడుసార్లు ప్యాసింజర్ రైల్లో వచ్చేవారు. మైనం తొట్టి, వ్యాయామాలు, ఇంటికి హోంవర్కు. జీవితమంతా హోంవర్కు ఇచ్చిన మనిషి కదా, ఇచ్చిందానికి రెట్టింపు చేసుకొచ్చేవారు. అలాంటి పేషెంటు మాకు పండగతో సమానం.

నాకొక అలవాటుంది. చెయ్యి క్లినిక్‌లో ఎంత బాగా కదిలినా, మనిషి తన పనిలో ఉండగా ఒకసారి చూడనిదే నేను వదలను. వడ్రంగి అయితే రంపం తెచ్చుకోమంటాను. వంటమనిషి అయితే చపాతీ కర్ర. పియానోని తెచ్చుకోమనలేం కదా, నేనే ఒక ఆదివారం బందరు వెళ్ళాను.

పాతకాలపు డాబా ఇల్లు. ముందుగదిలో గోడకి ఆనించి నిలువు పియానో. ఎప్పుడో ముప్పై ఏళ్ళ కిందట స్కూలు వాళ్ళు కొత్త కీబోర్డులు కొనుక్కుని దీన్ని తీసేస్తుంటే ఆవిడ కొనుక్కున్నారట. బందరు ఉప్పుగాలికి తీగలు తుప్పు పడతాయని అడుగున లోపల చిన్న బల్బు ఒకటి పగలూ రాత్రీ వెలుగుతూ ఉంటుంది. బల్బు మాడిపోయిందేమోనని రోజూ వంగి చూసే డ్యూటీ ఆవిడ భర్త పాండురంగారావు గారిది. ఆయన ఇరిగేషన్‌లో, కాలవ నీళ్ళు ఆపి వదిలే లాకుల దగ్గర పనిచేసి రిటైరయ్యారు. నెమ్మదైన మనిషి. ఏం పెట్టినా బాగుందంటారు, ఏం వాయించినా బాగుందంటారు.

ఆవిడ వాయించబోయేది నాక్టర్న్ అనే రకం పాట. పందొమ్మిదో శతాబ్దంలో ఐరోపాలో రొమాంటిక్ సంగీతం అని ఒక ధోరణి నడిచింది, మనసులోని భావమే ముఖ్యమనే ధోరణి. నాక్టర్న్ అందులోది. ఎడమ చెయ్యి కింద నీళ్ళలా ఆగకుండా నడుస్తుంటుంది, కుడి చెయ్యి పైన పాట పాడుతుంది. ఇదంతా ఆవిడ చెప్పినదే. నాకు సంగీతం అంటే అప్పటికి బస్సులో వినపడేది.

ఆవిడ వాయించారు. నాకు వెంటనే ఒకటి తెలిసింది. ఎడమ చెయ్యి పడ్డాక, రెప్పపాటు ఆగి, కుడి చెయ్యి పడుతోంది. ఒకచోట కాదు, చాలాచోట్ల. పక్కింటి కామేశ్వరి గారు, రిటైరైన లెక్కల టీచరు, గుమ్మంలో నిలబడి వింటున్నారు. పాట అయ్యాక నా దగ్గరికి వచ్చి, "కుడి చెయ్యి వెనకబడుతోంది, గమనించావా అమ్మా?" అన్నారు. లెక్కల టీచరుకి, కొలతల మనిషికి ఒకటే వినపడితే ఇంకేం కావాలి. పాండురంగారావు గారి అభిప్రాయం అడుగుదామని చూస్తే ఆయన పడక్కుర్చీలో హాయిగా నిద్రపోతున్నారు.

వసుంధర గారు మాత్రం, "కొంచెం ఆలస్యం ఉంటుందమ్మా అందులో. ఆ పాట తీరే అది," అన్నారు.

నేను నవ్వాను. ఎందుకు నవ్వానో చెప్పాలి. మా వృత్తిలో ఈ మాట రోజూ వింటాం. భుజం లేవని ఆయన "నా భుజం మొదట్నుంచీ ఇంతేనండి" అంటాడు. కుంటుతూ వచ్చినావిడ "మా ఇంట్లో అందరి నడకా ఇదేనమ్మా" అంటుంది. దెబ్బకి అలవాటు పడిపోయి దాన్నే తమ తీరు అనుకుంటారు. దాన్ని నమ్మితే ఫిజియో చెడినట్టే అని మాకు కాలేజీలోనే నూరిపోశారు. అందుకని, "అందరూ అలాగే అంటారండీ. నాలుగు వారాలు ఆగండి, మీకే తెలుస్తుంది," అన్నాను.

ఫోన్లో మెట్రోనోమ్ అనే యాప్ పెట్టాను. గడియారంలా టిక్కు టిక్కుమని తాళం కొడుతుంది. ప్రతి టిక్కుకీ రెండు చేతులూ ఒకేసారి పడాలి. శబ్దాన్ని గీతలుగా చూపించే ఇంకో యాప్‌లో ఆవిడ వాయించింది రికార్డు చేసి, ఎడమ చేతి గీతకి, కుడి చేతి గీతకి మధ్య ఎడం ఎంతుందో చూసేదాన్ని. వారం వారం ఆ ఎడం తగ్గుతూ వచ్చింది. నేను రంగుల గ్రాఫు వేసి చూపించాను. క్లినిక్‌లో మిగతా పేషెంట్లకి కూడా చూపించాను, అడిగినా అడక్కపోయినా. ఆవిడ దాన్ని కళ్ళజోడు పెట్టుకుని జాగ్రత్తగా చూసి, "అయితే చెయ్యి వస్తున్నట్టేనంటావా?" అన్నారు. వస్తున్నట్టేనండీ అన్నాను.

నవంబరు మొదటి ఆదివారం ఆవిడ ఇంట్లో చిన్న పరీక్ష పెట్టుకున్నాం. స్కూల్లో వాయించేముందు నలుగురి ఎదుట ఒకసారి వాయిస్తే ధైర్యం వస్తుందని నా సలహానే. ఎముకల డాక్టరు గారిని కారులో తీసుకొచ్చాను. కామేశ్వరి గారు ఉన్నారు. కృత్తివెన్నులో రొయ్యల చెరువులు చేసే ప్రసాద్ గారు వచ్చారు. పాండురంగారావు గారికి పాత స్నేహితుడు, చుట్టరికం లేకపోయినా బావగారూ అని పిలుచుకుంటారు. బందరు వచ్చినప్పుడల్లా ఆ ముందుగదిలో కూర్చుని ఆవిడ పాట విని వెళ్ళడం ఆయనకి అలవాటు.

ఆవిడ వాయించారు. రెండు చేతులూ టక్కుటక్కుమని ఒకేసారి పడ్డాయి. ఎక్కడా ఎడం లేదు. నేను గ్రాఫు చూసుకోనక్కర్లేకుండానే గర్వపడిపోయాను.

"అదీ. శుభ్రంగా ఉంది. ఎముక ఎంత నీటుగా అతికిందో పాటలోనే తెలుస్తోంది," అన్నారు డాక్టరు గారు.

"ఇప్పుడు లెక్క సరిపోయింది వసుంధరా," అన్నారు కామేశ్వరి గారు.

ప్రసాద్ గారు ఉండబట్టలేకపోయారు. "ఏమనుకోకండి చెల్లెమ్మా. పూర్వం విజయవాడలో మేం టైపు నేర్చుకున్న ఇన్‌స్టిట్యూట్ గుర్తొచ్చింది నాకు. మీరు వాయిస్తుంటే ఎప్పుడూ ఏదో ఒకటి గుర్తొస్తుంది గానీ ఇది మాత్రం ఎప్పుడూ రాలేదు."

డాక్టరు గారు గట్టిగా నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. రొయ్యలకి మేత వేసుకునే మనిషికి ఇదేం తెలుస్తుందని మనసులో అనుకున్నాను. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నట్టుంది నా వరస.

"ఏమండీ, మీరేమంటారు?" అని వసుంధర గారు భర్తని అడిగారు.

"బాగుంది," అన్నారు పాండురంగారావు గారు.

"చూశారా, ఇవాళ ఆయన కూడా నిద్రపోకుండా విన్నారు," అని కామేశ్వరి గారు మెచ్చుకున్నారు. నిజమే. ఆయన పడక్కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు.

అందరూ కాఫీలు తాగి కబుర్లలో ఉండగా నేను వంటింట్లో గ్లాసులు కడుగుతున్న వసుంధర గారి దగ్గరికి వెళ్ళాను. మెప్పు కోసమే వెళ్ళానని ఒప్పుకుంటాను.

"చెయ్యి వచ్చిందమ్మా. నీ రుణం తీర్చుకోలేను," అన్నారు. తర్వాత కుళాయి కట్టేసి, "కానీ పియానో స్కూలుకి ఇచ్చేద్దామనే అనుకుంటున్నాను," అన్నారు.

"అదేంటండీ, చెయ్యి వచ్చింది కదా?"

"వచ్చింది. వాయిస్తున్నాను. తప్పులు కూడా లేవు. కానీ ఈ నెలంతా వాయిద్దామని కూర్చోవడం లేదమ్మా, వాయించాలి కాబట్టి కూర్చుంటున్నాను. ఇవాళ పాట అవుతుంటే ఎప్పుడవుతుందా అనిపించింది. ఆ పాట గురించి నాకు అలా అనిపించడం ఎప్పుడూ లేదు. వయసైందేమో. ఆరుగురు పిల్లలకి ఇలాంటి టీచరు ఎందుకు?"

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. చెయ్యి బాగుచేయించుకుని మనిషి పియానో వదిలేస్తానంటోంది. నా కొలతల్లో దీనికి గడి లేదు. వరండాలోకి వచ్చాను. అక్కడ పాండురంగారావు గారు ఒక్కరే మెట్టు మీద కూర్చుని ఉన్నారు.

"అంకుల్, నిజం చెప్పండి. ఇవాళ ఎలా ఉంది?" అన్నాను.

"బాగుందమ్మా."

"మరి నిద్రపోలేదే?"

"రాలేదమ్మా. కళ్ళు మూసుకుంటే ఎవరో తలుపు తడుతున్నట్టుంది. నాకు సంగీతం తెలీదు, లాకులు తెలుసు. దివిసీమలో లాకు క్వార్టర్స్‌లో ఉండేవాణ్ణి, ఆవిడకి ఇక్కడ స్కూలు. వారానికోసారి ఆదివారం వచ్చేవాణ్ణి. అప్పుడు ఈ పాట టేపు చేసుకుని పట్టుకెళ్ళాను. మధ్యాహ్నం భోంచేశాక అది పెట్టుకుని ఓ కునుకు తీసేవాణ్ణి. ఏడెనిమిదేళ్ళు అదే అలవాటు. ఇప్పటికీ ఆవిడ వాయిస్తే చాలు, కళ్ళు మూతలు పడతాయి. అది ఆవిడకీ తెలుసు, ఏమీ అనుకోదు."

"ఇవాళ ఏం తేడా ఉందంటారు?"

"తెలిస్తే చెప్పనా. టేపు బీరువాలో ఉంది, నువ్వే విను."

డాక్టరు గారిని, ప్రసాద్ గారిని పంపేశాక ఆ సాయంత్రం ముగ్గురం ఆ టేపు పెట్టుకుని విన్నాం. ముప్పై ఏళ్ళనాటి క్యాసెట్టు. మొదట గరగర, తర్వాత ఎక్కడో కుక్కరు కూత, తర్వాత పాట. ఎడమ చెయ్యి పడింది. రెప్పపాటు. కుడి చెయ్యి పడింది.

నా చెవుల్ని నేను నమ్మలేదు. ఫోన్లో యాప్ తెరిచి టేపు రికార్డరు పక్కన పెట్టాను. గీతల మధ్య ఎడం స్పష్టంగా కనపడింది. మొదటి పేజీలోనే ఎనిమిది చోట్ల. నేను వారం వారం తగ్గించి గ్రాఫు వేసుకున్న ఎడం ఇదే.

"టేపు పాతబడి సాగిపోయిందేమోనండీ," అన్నాను. ఇంకా వదల్లేదు నేను.

"సాగితే రెండు చేతులూ కలిసే సాగుతాయి కదమ్మా," అన్నారు వసుంధర గారు. ఆవిడ కళ్ళు టేపు రికార్డరు మీదే ఉన్నాయి. "దీన్ని రుబాటో అంటారు. ఎడమ చెయ్యి గడియారంలా నడుస్తుంటే కుడి చెయ్యి దాని మీద ముందుకీ వెనక్కీ తూగుతుంది. కొందరు తక్కువ చేస్తారు, కొందరు ఎక్కువ. నేను కొంచెం ఎక్కువే. మా టీచరు కూడా ఇలాగే వాయించేవారు."

"మరి నాకు గట్టిగా చెప్పలేదేమండీ?"

"నువ్వు మొదటిసారి విన్న రోజే చెప్పాను కదా. నువ్వు నవ్వావు. నువ్వు గ్రాఫు చూపించాక నాకే అనుమానం వచ్చింది. ఏది నా పాట, ఏది నా విరిగిన చెయ్యి అని నాకే తెలియలేదమ్మా. చెయ్యి అబద్ధం చెప్తోందేమో అనుకున్నాను."

గోడ అవతల నుంచి టేపు విని కామేశ్వరి గారు కూడా వచ్చారు. అంతా విని, "నాకు ముప్పై ఏళ్ళ నుంచీ ఆ చెయ్యి వెనకే వినపడుతోంది. నాకది ఎప్పుడూ నచ్చలేదు. చెయ్యి బాగున్నప్పుడు అంటే బాగోదని ఊరుకున్నాను. విరిగాక అనడానికి వీలు దొరికింది," అన్నారు. ఆవిడ అంత నిజాయితీగా చెప్పేసరికి వసుంధర గారు పకపకా నవ్వారు. నెల రోజుల్లో ఆవిడ అలా నవ్వడం అప్పుడే చూశాను.

నాకు మాత్రం సిగ్గేసింది. తొమ్మిదేళ్ళుగా వేలమంది చేతులు పట్టుకున్నదాన్ని, ఒక మనిషి జీవితమంతా కూర్చుకున్న తీరుని జబ్బు అని రాసేశాను. దానికి వైద్యం కూడా చేసేశాను. "నన్ను క్షమించండి టీచర్ గారూ," అన్నాను.

"క్షమించడానికేముంది. నువ్వు వేలిని బాగుచేశావు. వేలితో పాటు నన్ను కూడా సరిచేశావు, అంతే," అన్నారు.

ఇక్కడితో అయిపోతే కథ సుఖంగా ఉండేది. కానీ ఉంగరం వేలి లాగ్ అబద్ధం కాదు. అది ఇంకా పన్నెండు డిగ్రీలుంది. అంటే ఆవిడ ఆలస్యాల్లో కొన్ని పాటవి, కొన్ని విరిగిన చేతివి. రెండూ వినడానికి ఒకేలా ఉంటాయి. మెట్రోనోమ్ మానేశాక కొన్ని రోజుల్లోనే ఆవిడ చెయ్యి మళ్ళీ పాత నడకలో పడింది. టిక్కుల తోడు లేకపోయేసరికి వేలి బలహీనత కూడా బయటపడింది. అప్పుడు నేను తాజాగా రికార్డు చేశాను. పాట రాసి ఉన్న పుస్తకం ముందు పెట్టుకుని, ఎరుపు పెన్సిల్, నీలం పెన్సిల్ తీసుకుని ఇద్దరం కూర్చున్నాం. టేపులోనూ ఇప్పుడూ రెండింట్లోనూ ఆలస్యం ఉంటే నీలం గీటు, అది ఆవిడది. టేపులో లేక ఇప్పుడు మాత్రమే ఉంటే ఎరుపు గీటు, అది ఫ్రాక్చరుది. నీలం ముప్పై దాకా వచ్చాయి. ఎరుపు పదకొండు. ఆ పదకొండూ ఉంగరం వేలు పడే చోట్లే. మా గోనియోమీటరు తప్పు చెప్పలేదు, దాని మాట నేను తప్పుగా విన్నాను.

అప్పట్నుంచి నీలం జోలికి పోకుండా ఎరుపు వాటికే వైద్యం. వేలికి రబ్బరు బ్యాండు తగిలించి ఎత్తించడం, బల్ల మీద మిగతా వేళ్ళు ఆనించి ఆ ఒక్కటే లేపించడం. వసుంధర గారు మళ్ళీ హోంవర్కు రెట్టింపు చేయసాగారు. ఒక బుధవారం రైలు లేటయిందని క్లినిక్‌లో కూర్చుని బల్ల అంచు మీద వేళ్ళు ఆడిస్తూ లోలోపల ఏదో పాడుకుంటున్నారు. పియానో ఇచ్చేయడం మాట నేను ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు. ఆ మాటకి భయపడుతూనే ఉన్నాను.

ఎరుపు గీట్లు ఒక్కొక్కటే తగ్గాయి. డిసెంబరు వచ్చేసరికి ఒకటి మిగిలింది. చివరి పేజీలో పాట అన్నిటికన్నా పైకి వెళ్ళే స్వరం. ఉంగరం వేలితో అందుకోవాలి. టేపులో ఆవిడ దాన్ని ఆలస్యం లేకుండా టక్కున అందుకున్నారు. ఇప్పుడు దాని ముందు బాగానే ఆగుతున్నారు. లాగ్ ఇంకా ఎనిమిది డిగ్రీలుంది. జనవరి దాకా వైద్యం పొడిగిద్దామన్నాను.

సమావేశం రోజు మధ్యాహ్నం స్కూలు హాలు నిండింది. పియానో హాలుకి మోసుకెళ్ళారు. అది మళ్ళీ ఇంటికి వస్తుందా, అక్కడే ఉండిపోతుందా అన్నది ఆవిడ పాట అయ్యాక మైకు దగ్గర చెప్పే మాట మీద ఉంది. నేను మూడో వరసలో కూర్చున్నాను, ఫోను బ్యాగులోనే ఉంచి. ఎడమ చెయ్యి నడిచింది, కుడి చెయ్యి తీరిగ్గా వెనక వచ్చింది. నాకు ఇప్పుడు అది ఆలస్యంగా వినపడలేదు. మాట నోటిదాకా వచ్చాక ఒక్క క్షణం తూచి చెప్పేవాళ్ళుంటారే, అలా వినపడింది. చివరి పేజీ వచ్చింది. పై స్వరం ముందు ఆవిడ ఆగారు. ఇంట్లో కన్నా ఇంకా ఎక్కువసేపు ఆగారు. వేలు లేవడం లేదేమోనని కుర్చీ అంచుకి జరిగాను. తర్వాత మెల్లిగా, మెత్తగా, ఆ స్వరం పడింది.

చప్పట్ల మధ్య నా ఎడమ పక్క కామేశ్వరి గారు, "చివర్లో మళ్ళీ వెనకబడింది. ఇంకో నెల చేయించమ్మా ఆ వేలికి," అన్నారు. కుడి పక్క ప్రసాద్ గారు కండువాతో కళ్ళు తుడుచుకుంటూ, "అక్కడ ఆగింది చూశారూ, పోయిన మా అమ్మ గుర్తొచ్చిందండీ," అన్నారు. డాక్టరు గారు వెనక వరస నుంచి వంగి, నవంబరులో వాయించిందే తనకి బాగుందన్నారు. పాండురంగారావు గారు ముందు వరసలో, అంతమంది పూర్వ విద్యార్థినుల సాక్షిగా, తల ఒక పక్కకి వాల్చి నిద్రపోతున్నారు.

వసుంధర గారు మైకు దగ్గరికి వచ్చారు. పిల్లలందరికీ కృతజ్ఞతలు చెప్పారు. "పియానో మోసిన అబ్బాయిలు వెళ్ళిపోవద్దు. మళ్ళీ ఇంటికి మోయాలి," అన్నారు. హాల్లో చాలామందికి అదొక మామూలు మాట. నేను మాత్రం అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాను.

వారం తర్వాత ఆవిడ క్లినిక్‌కి వచ్చారు, చివరి కొలత కోసం. ఎనిమిది డిగ్రీలు అలాగే ఉంది. జనవరికి అపాయింట్‌మెంట్ రాయబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపారు. సంచిలోంచి పాట పుస్తకం తీసి చివరి పేజీ తెరిచి, నా ముందు పెట్టారు.

"ఇది చెరిపెయ్యమ్మా," అన్నారు, ఆ పై స్వరం మీది ఎరుపు గీటు చూపిస్తూ. "చెరిపి నీలం పెట్టు."

"కానీ ఇది టేపులో లేదండీ. ఇది ఫ్రాక్చరు వల్ల వచ్చిందే."

"ఫ్రాక్చరు వల్లే వచ్చింది. ఆ టేపు నాటికి నాకు ముప్పై ఏళ్ళు. ఆ స్వరం దగ్గరికి వెళ్ళాలంటే ఆత్రం. ఇప్పుడు దాని ముందుకొచ్చేసరికి అందుతుందో అందదో అని కొంచెం భయం. అందాక హమ్మయ్య అనిపిస్తుంది. అరవై ఏళ్ళకి ఆ భయం కూడా పాటలో ఉండాల్సిందేనమ్మా. మొదట్లో వేలు ఆపింది, నిజమే. స్కూల్లో మాత్రం వేలు కాదు, నేను ఆగాను."

రబ్బరుతో రుద్దాను. ఎరుపు పూర్తిగా పోలేదు. దాని మీదే నీలం గీటు పెట్టాను. కేసు షీటులో మిగిలిన లోపం అన్న చోట ఎనిమిది డిగ్రీలు అని రాసి, కింద 'చికిత్స పూర్తి' అని సంతకం చేశాను. లోపం మిగిలి ఉండగా ఆ మాట రాయడం నా వృత్తిలో అదే మొదటిసారి.

విరిగిన చేతిని నాకు నచ్చిన కొలతకి తేవడం నా పని అనుకుంటూ తొమ్మిదేళ్ళు చేశాను. ఎవరి చేతిని వాళ్ళకి అప్పగించడమే నా పని అని ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. అప్పగించేటప్పుడు అది పాత చెయ్యే కానక్కర్లేదు, ఇది నాదేనని వాళ్ళు అంటే చాలు.